కారు యాంప్లిఫయర్

కారు స్టీరియో నుంచి వచ్చే బలహీనమైన ధ్వని సంకేతాన్ని స్పీకర్లను కదిలించేంత విద్యుత్తుగా పెంచే పరికరం కారు యాంప్లిఫయర్. షాపుల్లో దీన్ని 'యాంప్' అంటారు. పైకి సీటు కింద పట్టే అల్యూమినియం పెట్టెలా కనిపిస్తుంది గానీ లోపల రెండు యంత్రాలు ఉంటాయి. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను పెంచి పెట్టే పవర్ సప్లై ఒకటి. అలా పెరిగిన వోల్టేజీతో సంకేతాన్ని పెద్దది చేసే ధ్వని విభాగం రెండోది. కొనేవాళ్లు ఎక్కువగా రెండోదాని గురించే ఆరా తీస్తారు. యాంప్ ధర, బరువు, వేడి, మన్నిక, నిజంగా వచ్చే వాట్లు మాత్రం చాలావరకు మొదటిదాని మీదే ఆధారపడతాయి. తక్కువ డబ్బుతో మంచి యాంప్ ఎంచుకోవాలంటే అది బ్యాటరీ నుంచి ఎంత కరెంటు లాగగలదో ముందు చూడాలి.

12 వోల్టుల హద్దు

నిండుగా చార్జయిన కారు బ్యాటరీ ఇంజన్ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపిస్తుంది. ఇంజన్ నడుస్తుంటే ఆల్టర్నేటర్ (మెకానిక్కులు ఇప్పటికీ డైనమో అనే అంటారు) దాన్ని 13.8 నుంచి 14.4 దాకా తీసుకెళ్తుంది. కారులో ఉన్న ఏ పరికరమైనా ఈ వోల్టేజీతోనే సరిపెట్టుకోవాలి. కార్లలో 4 ఓమ్‌ల స్పీకర్లు వాడటానికీ ఇదే కారణం. ఇళ్లలో వాడే 8 ఓమ్‌ల స్పీకరు ఇంత తక్కువ వోల్టేజీకి సగం శక్తే తీసుకుంటుంది.

డ్యాష్‌బోర్డులోని స్టీరియోలో కూడా చిన్న యాంప్ చిప్ ఒకటి ఉంటుంది. అది స్పీకరు రెండు కొసలనూ ఎదురెదురు దిశల్లో నెట్టి, ఉన్న 14.4 వోల్టులనూ పూర్తిగా వాడుకుంటుంది. ఏ నష్టమూ లేదనుకున్నా, 14.4 వోల్టుల శిఖరం ఉన్న తరంగం 4 ఓమ్‌లలో ఇవ్వగలిగేది 26 వాట్లే. చిప్‌లో కొంత వోల్టేజీ పోగా చివరికి మిగిలేది 20 వాట్ల దరిదాపు. అయినా స్టీరియో ముఖం మీద '50 వాట్లు × 4' అని ముద్రించి ఉంటుంది. అలాంటి స్టీరియోల మాన్యువల్ చివరి పేజీలు తిరగేస్తే తరచుగా '22 వాట్లు × 4' అని కనిపిస్తుంది, అదీ 5 శాతం వక్రీకరణతో. వక్రీకరణ 1 శాతం దాటకూడదనే ప్రమాణంతో కొలిస్తే అది 14 వాట్లకు దిగుతుంది. మూడూ ఒకే చిప్ గురించి చెప్పిన అంకెలే.

ఒక స్పీకరుకు శుభ్రంగా 100 వాట్లు ఇవ్వాలంటే 4 ఓమ్‌లలో 28 వోల్టుల శిఖరం కావాలి. బ్యాటరీ దగ్గర అంత వోల్టేజీ లేదు కాబట్టి విడి యాంప్‌లో పవర్ సప్లై తప్పనిసరవుతుంది. అది బ్యాటరీ కరెంటును సెకనుకు వేల సార్లు ఆపుతూ వదులుతూ, ఉంగరం ఆకారపు ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపి, అటు ప్లస్ 30, ఇటు మైనస్ 30 వోల్టుల వంటి రెండు పట్టాలను తయారు చేస్తుంది.

చరిత్ర

వోల్టేజీ పెంచుకోవాల్సిన ఈ అవసరం కారు రేడియో అంత పాతది. చికాగోలోని గాల్విన్ మాన్యుఫ్యాక్చరింగ్ కార్పొరేషన్ 1930లో మోటరోలా పేరుతో కారు రేడియోను అమ్మకానికి తెచ్చింది. ఆనాటి వాక్యూమ్ ట్యూబులు పని చేయడానికి వంద వోల్టులకు అటూ ఇటూగా కావాలి. అందుకోసం తొలి రోజుల్లో కారు నేల పలకల కింద వేరే డ్రై బ్యాటరీలు పెట్టేవారు. తర్వాత వైబ్రేటర్ వచ్చింది. సెకనుకు వంద సార్లకు పైగా కొట్టుకునే లోహపు రేకు కరెంటును తుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు పంపేది. రేడియో వేయగానే వినిపించే ఆ సన్నటి గుయ్యిమనే మోత దానిదే. ఈనాటి యాంప్‌లో ఆ రేకు పని మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్లు చేస్తున్నాయి, సూత్రం మారలేదు. 1955లో క్రైస్లర్, ఫిల్కో సంస్థలు పూర్తిగా ట్రాన్సిస్టర్లతో నడిచే కారు రేడియోను తెచ్చాయి.

స్టీరియోకు వేరుగా అమర్చే శక్తిమంతమైన యాంప్‌లకు 1970ల్లో ఊపు తెచ్చినవారిలో అమెరికాలోని అరిజోనాకు చెందిన జిమ్ ఫాస్‌గేట్ ముఖ్యుడు. ఆయన పేరు మీదనే రాక్‌ఫర్డ్ ఫాస్‌గేట్ బ్రాండు నిలిచింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో అమెరికాలో కారు ఆడియో పోటీలు జోరందుకున్నాయి. పోటీలో పాల్గొనే కార్లను యాంప్ వాట్లను బట్టి తరగతులుగా విడదీసేవారు. దాంతో కొన్ని కంపెనీలు కావాలనే అంకె తగ్గించి రాశాయి. 4 ఓమ్‌ల దగ్గర ఛానెల్‌కు 25 వాట్లని కాగితం మీద ఉన్న యాంప్, 1 ఓమ్ లేదా అంతకన్నా తక్కువకు కలిపితే దానికి ఎన్నో రెట్లు ఇచ్చేది. వీటికి 'చీటర్ యాంప్‌లు' అనే పేరు పడింది. ఈ రంగంలో డబ్బా మీది అంకె నిజం కన్నా చిన్నదిగా ఉన్న కాలమంటే అదొక్కటే.

ఇంట్లో వాడే యాంప్‌ల వాట్లను ఎలా ప్రకటించాలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే నియమం పెట్టింది. కారు యాంప్‌లు దాని పరిధిలోకి రాలేదు. ఆ ఖాళీలోనే వేల వాట్ల ముద్రలు పుట్టుకొచ్చాయి. చివరికి పరిశ్రమ సంఘమే 2003లో సీఈఏ-2006 అనే స్వచ్ఛంద ప్రమాణాన్ని ప్రకటించింది. 14.4 వోల్టుల సరఫరా, 4 ఓమ్‌ల భారం, 1 శాతానికి మించని వక్రీకరణ దాని షరతులు. ఇప్పుడు సంఘం పేరు మారి సీటీఏ-2006 అయింది. డబ్బా మీద ఈ గుర్తు ఉంటే పక్కనున్న అంకెను నమ్మవచ్చు. అయితే ఇది ఎవరి మీదా బలవంతం లేని ప్రమాణం కాబట్టి, చవక సరుకులో చాలావాటి మీద ఆ గుర్తు ఉండదు.

డబ్బా మీద అంకె, పక్కన ఫ్యూజు

హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ వీధిలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో యాంప్ చూడటానికి వెళ్లినవారికి మొదట కనిపించేది పెద్ద అక్షరాల్లో 'మ్యాక్స్ పవర్' లేదా 'పీఎంపీవో'. వీటికి నిర్దిష్టమైన కొలత పద్ధతి లేదు. రెప్పపాటు కాలం వచ్చే శిఖరాన్ని అన్ని ఛానెళ్లకూ కలిపి, ఉన్నంతలో అతి తక్కువ ఓమ్‌ల దగ్గర లెక్కగట్టిన అంకె అది. చూడాల్సింది ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే యాంప్ ఎడతెగకుండా ఇవ్వగలిగే శక్తి. ఎన్ని ఓమ్‌ల దగ్గర, ఎంత వక్రీకరణతో అన్నవి కూడా దాని వెంట ఉండాలి.

ఆర్‌ఎంఎస్ అంకె కూడా అనుమానంగా ఉంటే యాంప్‌ను పక్కకు తిప్పి ఫ్యూజు చూడాలి. లోపలికి వెళ్లిన దానికన్నా ఎక్కువ శక్తి బయటికి రాదు. ఉదాహరణకు డబ్బా మీద 1,600 వాట్లని ఉంది, పక్కన 25 ఆంపియర్ల ఫ్యూజు ఉందనుకుందాం. 25 ఆంపియర్లను 14 వోల్టులతో గుణిస్తే లోపలికి వెళ్లగలిగేది 350 వాట్లు. ఏబీ క్లాసు (ఈ రకాల సంగతి కింద ఉంది) యాంప్ అయితే అందులో దాదాపు 60 శాతం స్పీకర్లకు చేరుతుంది, మిగతాది వేడి. అంటే 210 వాట్లు. నాలుగు ఛానెళ్లకు పంచితే తలా 50. ఈ లెక్కకు కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు, షాపులో నిలబడే వేసుకోవచ్చు.

ఇది ఉజ్జాయింపు మాత్రమేనని గుర్తుంచుకోవాలి. ఫ్యూజు క్షణికంగా ఎక్కువ కరెంటును ఓర్చుకుంటుంది కాబట్టి నిజాయితీ గల యాంప్ ఈ లెక్కను కొంచెం మించవచ్చు. గొప్పగా కనిపించడానికి అవసరానికి మించిన ఫ్యూజు పెట్టేవాళ్లూ ఉన్నారు. అందుకే ఫ్యూజు నుంచి వచ్చిన లెక్క, మాన్యువల్‌లోని ఆర్‌ఎంఎస్ అంకె దగ్గర దగ్గరగా ఉంటేనే ఆ యాంప్‌ను పరిశీలనకు తీసుకోవడం మేలు. పై ఉదాహరణలో తేలిన 50 వాట్లు చిన్న విషయం కాదు. అసలు ముప్పు ఏమిటంటే, 1,600 అనే అంకెను నమ్మి దానికి తగ్గట్టు వూఫర్లు (బేస్ పలికించే పెద్ద స్పీకర్లు) కొనడం.

క్లాసులు, వేడి

యాంప్ మీద కనిపించే ఏ, ఏబీ, డీ అనే అక్షరాలు నాణ్యతకు వేసిన మార్కులు కావు. ట్రాన్సిస్టర్లు పనిచేసే తీరుకు పెట్టిన పేర్లు. ఏబీ క్లాసులో ట్రాన్సిస్టర్లు కొళాయి తిప్పినట్టు కరెంటును కొంచెం కొంచెంగా వదులుతాయి. సగం తెరిచిన కొళాయి దగ్గర ఆగిపోయిన శక్తి వేడిగా మారుతుంది. ఈ పద్ధతిలో సిద్ధాంతపరంగా దక్కే గరిష్ఠ సామర్థ్యం 78.5 శాతం, ఆచరణలో 50 నుంచి 65. తక్కువ వాల్యూమ్‌లో ఇంకా తగ్గుతుంది. డీ క్లాసులో ట్రాన్సిస్టర్ పూర్తిగా తెరుచుకుంటుంది లేదా పూర్తిగా మూసుకుంటుంది. ఎంతసేపు తెరిచి ఉండాలన్నది సంకేతం నిర్ణయిస్తుంది. చివర ఒక కాయిల్, కెపాసిటర్ కలిసి ఆ పల్సులను మళ్లీ నునుపైన తరంగంగా చేస్తాయి. ఇందులో 80 నుంచి 90 శాతం సామర్థ్యం మామూలే. డీ అంటే డిజిటల్ అని చాలామంది అనుకుంటారు, నిజానికి అది సీ తర్వాత వచ్చిన అక్షరం మాత్రమే.

ఈ తేడా తెలుగు నేల మీద పుస్తకాల్లో కన్నా గట్టిగా తెలుస్తుంది. 200 వాట్లు ఇస్తున్న ఏబీ యాంప్ మరో 130 వాట్లను వేడిగా వదులుతుంది. అదే పని చేసే డీ యాంప్ వదిలేది 35 వాట్ల చుట్టుపక్కల. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. అప్పటికే కాలిపోతున్న పెట్టె పాట మొదలైన కాసేపటికి ఆగిపోయి 'ప్రొటెక్ట్' అనే ఎర్ర లైటు వెలిగిస్తుంది. సీటు కింద కార్పెట్ మీద బిగించిన ఏబీ యాంప్‌లకు ఇది మరీ ఎక్కువ.

తొలినాటి డీ యాంప్‌లు బేస్‌కు తప్ప పనికిరావన్న మాటలో నిజముంది. ఇప్పుడు స్విచింగ్ వేగం పెరిగి, పాటలోని పై స్థాయి స్వరాలు కూడా శుభ్రంగా వస్తున్నాయి. అయినా మరీ చవక డీ యాంప్‌లలో చివరి ఫిల్టరు సరిగా ఉండక ఎఫ్‌ఎం రేడియోలో గరగర వస్తుంది. కొనేముందు షాపులోనే రేడియో పెట్టించి వినడం మంచిది. వూఫరుకు డీ క్లాసు మోనో యాంప్ నిస్సందేహంగా సరైనది. తలుపు స్పీకర్లకు తక్కువ ధరలో పేరున్న కంపెనీ ఏబీ యాంప్ దొరికితే దాన్ని కాదనక్కర్లేదు, కాకపోతే గాలి ఆడే చోట బిగించాలి.

ఎన్ని ఛానెళ్లు

మోనో, రెండు, నాలుగు, అయిదు ఛానెళ్ల యాంప్‌లు దొరుకుతాయి. చేతిలో ఒక్క యాంప్‌కే డబ్బుంటే నాలుగు ఛానెళ్లదే కొనాలి. ముందు రెండు ఛానెళ్లను ముందు తలుపుల స్పీకర్లకు కలిపి, వెనక రెంటినీ బ్రిడ్జి చేసి, అంటే ఒకే ఛానెల్‌గా కలిపి, ఒక 10 అంగుళాల వూఫరుకు ఇవ్వవచ్చు. వెనక తలుపుల స్పీకర్లను స్టీరియో సొంత చిప్ మీదే వదిలేయవచ్చు. పాట ఎదురుగా, డ్యాష్‌బోర్డు వైపు నుంచి రావాలి కాబట్టి డబ్బు ముందు తలుపులకే పెట్టడం న్యాయం. వెనకవాళ్లకు ఆ చిప్ ఇచ్చే 14, 15 వాట్లు చాలు.

డిక్కీలో సామాను పెట్టుకోవాల్సిన చిన్న కార్లవాళ్లకు సీటు కింద పట్టే యాక్టివ్ సబ్‌వూఫర్ ఉంది. అందులోనే యాంప్ ఉంటుంది. డోలు దెబ్బకు ఛాతీ అదిరేంత బలం దానికి ఉండదు గానీ, పాటకు అడుగు లేదన్న వెలితి తీరుతుంది.

అసలు యాంప్ వల్ల ఎంత తేడా వస్తుందో కూడా తెలిసి కొనాలి. శక్తి రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెండింతలు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్, అంటే పది రెట్ల శక్తి కావాలి. 15 వాట్ల నుంచి 60 వాట్లకు వెళ్తే వచ్చేది 6 డెసిబెల్సే. అయినా ఆ తేడా వినిపిస్తుంది. ఎందుకంటే పాట సగటు కన్నా అందులోని దెబ్బల శిఖరాలు పది రెట్ల శక్తి అడగవచ్చు. డప్పు మీద సిర్ర పడిన క్షణాన స్టీరియో చిప్ దగ్గర ఇవ్వడానికి వోల్టేజీ అయిపోతుంది. తరంగం నెత్తి తెగి, దెబ్బ మొద్దుబారుతుంది. యాంప్ ఉంటే ఆ దెబ్బ దెబ్బలాగే వస్తుంది.

అందుకే స్పీకరు సెన్సిటివిటీని, అంటే 1 వాట్‌కు అది ఎంత గట్టిగా మోగుతుందో కూడా చూడాలి. 91 డెసిబెల్స్ స్పీకరు 50 వాట్లతో చేసే పనికి 88 డెసిబెల్స్ స్పీకరు 100 వాట్లు అడుగుతుంది. ఇక్కడా ఒక కిటుకు ఉంది. కొందరు 1 వాట్‌తో కాక 2.83 వోల్టులతో కొలుస్తారు. 4 ఓమ్‌ల స్పీకరుకు అది 2 వాట్లు, కాబట్టి కాగితం మీద 3 డెసిబెల్స్ ఊరికే పెరుగుతాయి.

ఓమ్‌ల లెక్క

బ్రిడ్జి చేసినప్పుడు స్పీకరు భారాన్ని రెండు ఛానెళ్లు సగం సగం మోస్తాయి. 4 ఓమ్‌ల వూఫరును బ్రిడ్జికి కలిపితే ఒక్కో ఛానెల్‌కు అది 2 ఓమ్‌లుగా కనిపిస్తుంది. మామూలు నాలుగు ఛానెళ్ల యాంప్ హద్దు అక్కడితో సరి. రెండు వాయిస్ కాయిల్స్ ఉన్న వూఫరు కొనేటప్పుడు ఇది బాగా గుర్తుంచుకోవాలి. కాయిల్‌కు 2 ఓమ్‌లున్న రకాన్ని సీరీస్‌లో కలిపితే 4 ఓమ్‌లు, బ్రిడ్జికి సరిగ్గా సరిపోతుంది. కాయిల్‌కు 4 ఓమ్‌లున్న రకాన్ని ప్యారలల్‌లో కలిపితే 2 ఓమ్‌లు, అది మోనో యాంప్‌కు తగినది. అదే వూఫరును బ్రిడ్జికి తగిలిస్తే ఛానెల్‌కు 1 ఓమ్ పడి యాంప్ వేడెక్కి ఆగిపోతుంది, రక్షణ సర్క్యూట్ బలహీనమైతే కాలిపోతుంది.

తీగ, ఫ్యూజు, ఎర్తు

యాంప్‌కు పది రూపాయలు పెట్టగలిగితే అందులో మూడు వైరింగ్‌కు ముందే పక్కన పెట్టుకోవాలి. చవక బిగింపుల్లో ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

నాలుగు ఛానెళ్ల మామూలు యాంప్‌కు 8 గేజ్ తీగ, అంటే 8.4 చదరపు మిల్లీమీటర్ల రాగి, చాలు. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా 5 మీటర్లు వేసి 30 ఆంపియర్లు లాగితే అందులో పోయేది 0.3 వోల్టు. కాని బజారులో కిట్లుగా అమ్మే తీగల్లో చాలావరకు సీసీఏ, అంటే పైన రాగి పూత, లోపల అల్యూమినియం. దాని నిరోధం రాగికన్నా ఒకటిన్నర రెట్లు ఎక్కువ, నష్టం అర వోల్టు దగ్గరకు వెళ్తుంది. కొన్నింటిలో లావంతా ప్లాస్టిక్ తొడుగుదే, లోపలి తీగ సన్నగా ఉంటుంది. ఒక పోగును బ్లేడుతో గీకితే తెలిసిపోతుంది. లోపల తెల్లగా కనిపిస్తే అల్యూమినియం. డబ్బు అంతే ఉంటే సీసీఏలో ఒక సైజు పెద్దది తీసుకోవాలి.

ప్రధాన ఫ్యూజు బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. ఆ ఫ్యూజు యాంప్ కోసం పెట్టేది కాదు, కారు కోసం, లోపల కూర్చున్నవాళ్ల కోసం. ఇంజన్ గదిలోంచి తీగ లోపలికి వచ్చే చోట రేకు అంచు రాసుకుని తొడుగు కోసుకుపోతే, బ్యాటరీ వందల ఆంపియర్లను ఆ తీగలోకి తోసేస్తుంది. తీగ ఎర్రగా కాలి కార్పెట్ అంటుకుంటుంది. డిక్కీ దగ్గర ఫ్యూజు ఎంత మంచిదున్నా అప్పుడు పనికిరాదు. ఆ రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ తొడిగించకుండా బండి తీసుకురాకూడదు.

ఎర్తు తీగ కూడా అంతే లావుండాలి, వీలైనంత పొట్టిగా ఉండాలి. రంగు గీకి, మెరిసే రేకు మీద బోల్టుతో బిగించాలి. సీటు బెల్టు బోల్టు జోలికి వెళ్లకూడదు. ఇంజన్ వేగంతో పాటు పెరిగే ఈలలాంటి మోత వస్తోందంటే చాలాసార్లు కారణం ఎర్తు సరిగా లేకపోవడమే. పవర్ తీగ కారుకు ఒక పక్కన, స్టీరియో నుంచి సంకేతాన్ని తెచ్చే ఆర్‌సీఏ కేబుళ్లు మరో పక్కన వెళ్లడం కూడా అవసరం. ఇంజన్ తనంతట ఆగి మళ్లీ స్టార్టయ్యే కొత్త కార్లలో బ్యాటరీ నెగెటివ్ దగ్గర కరెంటును కొలిచే సెన్సార్ ఉంటుంది. వాటిలో ఎర్తును బ్యాటరీ నెగెటివ్ కొసకు నేరుగా తగిలిస్తే సెన్సార్ లెక్క తప్పుతుంది, బాడీకే ఇవ్వాలి.

ఇక బ్యాటరీ. చిన్న పెట్రోలు కార్లలో 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ సాధారణం. 200–300 వాట్ల యాంప్ ఇంజన్ నడుస్తుండగా దానికి భారం కాదు, సంగీతంలో సగటు కరెంటు శిఖరంలో మూడో వంతు కూడా ఉండదు. ఇంజన్ ఆపి గంటలకొద్దీ పాటలు వింటేనే పొద్దున సెల్ఫ్ తిరగదు.

కంపెనీ స్టీరియోకు కలపడం

ఇప్పుడు కార్లతో పాటు వచ్చే టచ్‌స్క్రీన్లకు చాలావాటికి ఆర్‌సీఏ అవుట్‌లు ఉండవు. వాటిని తీసేస్తే రివర్స్ కెమెరా, స్టీరింగ్ బటన్లు ఇబ్బంది పెడతాయి. అందువల్ల స్పీకరు తీగల నుంచే సంకేతం తీసుకోగల హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న యాంప్ కొనడం మేలు. సంకేతం రాగానే తనంతట ఆన్ అయ్యే రకమైతే యాంప్‌ను ఆన్ చేసే రిమోట్ తీగ వెతుక్కునే పని కూడా తప్పుతుంది. కంపెనీ వైరింగ్ కోయనివ్వకూడదు. కారు మోడల్‌కు సరిపోయే కప్లర్లు దొరుకుతాయి, మధ్యలో తగిలించి తీగలు తీసుకోవచ్చు. కోసిన తీగ కనబడితే వారంటీ దగ్గర పేచీ వస్తుంది.

ఫిల్టర్లు, గెయిన్

తలుపు స్పీకర్లకు 80 హెర్ట్జ్ దగ్గర హై పాస్ (పై స్వరాలనే వదిలే ఫిల్టరు), వూఫరుకు అదే చోట లో పాస్ (కింది స్వరాలనే వదిలేది) పెట్టి మొదలుపెట్టవచ్చు. 6 అంగుళాల స్పీకరు మోయలేని బేస్ బరువును వూఫరుకు అప్పగించడమే ఇందులోని కిటుకు. పైసా ఖర్చు లేకుండా పాట తేటపడేది ఇక్కడే.

గెయిన్ మరను వాల్యూమ్ అనుకుని చివరిదాకా తిప్పేయడం చాలా మామూలు పొరపాటు. స్టీరియో పంపే సంకేతం ఎంత పెద్దదైతే యాంప్ తన పూర్తి శక్తికి చేరాలో చెప్పే సర్దుబాటు అది. 2 వోల్టుల సంకేతం పంపే స్టీరియోకు గెయిన్ 0.2 వోల్టుల దగ్గర పెడితే వాల్యూమ్ పావు దాటకముందే తరంగం తెగిపోతుంది. నెత్తి తెగిన తరంగం మామూలు తరంగం కన్నా ఎక్కువ శక్తి మోస్తుంది. వాయిస్ కాయిల్ వేడికి మాడేది, వూఫరు దగ్గర కాలిన వార్నిష్ వాసన వచ్చేది చాలావరకు దీనివల్లే.

సాధారణ మల్టీమీటరుతో దీన్ని సరిచేసుకోవచ్చు. యాంప్ ఆర్‌ఎంఎస్ వాట్లను స్పీకరు ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే కావలసిన వోల్టేజీ వస్తుంది. 50 వాట్లు, 4 ఓమ్‌లకు అది 14.1 వోల్టులు. బ్రిడ్జిలో 150 వాట్లు, 4 ఓమ్‌లకు 24.5. స్పీకర్లు విప్పేసి, ఫోన్‌లో బేస్, ట్రెబుల్ మార్పులన్నీ తీసేసి, స్టీరియో వాల్యూమ్‌ను నాలుగింట మూడు వంతుల దగ్గర ఉంచాలి. వూఫరు ఛానెళ్లకు 50 హెర్ట్జ్ టోన్, తలుపుల ఛానెళ్లకు 1,000 హెర్ట్జ్ టోన్ ప్లే చేయాలి. యాంప్ స్పీకరు టెర్మినళ్ల దగ్గర మీటరును ఏసీ వోల్టులలో పెట్టి, ఆ అంకె వచ్చేదాకా గెయిన్‌ను సున్నా నుంచి నెమ్మదిగా పెంచి ఆపాలి. ఈ పనంతా ఇంజన్ నడుస్తుండగానే చేయాలి. ఆపి ఉన్న కారులో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గరే ఉంటుంది కాబట్టి, స్థిరీకరణ లేని చవక పవర్ సప్లై ఇచ్చే కొలత కూడా ఆ మేరకు తగ్గిపోతుంది.